మజూరీలో తగ్గించింది సామానులో తేలుతుంది: గోదావరి డెల్టాలో కారు రిపేరు లెక్క

భీమవరంలోనో అమలాపురంలోనో కారు ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం మొదలైతే, యజమాని ముందు బానెట్ ఎత్తడు, ఫోను తీస్తాడు. "మీకు తెలిసిన మంచి మెకానిక్ ఎవరైనా ఉన్నారా అండి?" అని నలుగురిని అడుగుతాడు. తణుకులో ఒకాయన ఉన్నాడని తోడల్లుడు చెబుతాడు. ఆయన కంటే పాలకొల్లు కుర్రాడు నయమని ఆఫీసులో మరొకరు అంటారు. వెతుకులాటంతా మనిషి గుణం చుట్టూ తిరుగుతుంది: మంచివాడా, మోసగాడా? నన్నడిగితే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గుణం పైకి కనబడదు. లెక్క కనబడుతుంది, అయితే దాన్ని అడిగి రాయించుకోవాలి.

తెలిసినవాడి దగ్గరికి వెళ్లడంలో అర్థం లేదని కాదు. చిన్న ఊళ్లో పేరు పోతే షెడ్డు మూతపడుతుంది కాబట్టి, తెలిసినవాడు మరీ దారుణంగా దోచుకోడు. కానీ ఆ తెలిసినతనమే మరోవైపు మన నోరు కట్టేస్తుంది. ఎస్టిమేట్ అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో, పాత సామాను చూపించమంటే ఏమనుకుంటారో, బిల్లు అడిగితే బంధుత్వం చెడుతుందేమో! చివరికి "ఎంతివ్వమంటారండి?" అని మనం, "మీ దగ్గర లెక్కేమిటండి, చూసి ఇవ్వండి" అని ఆయన. ఆ మాటలో మర్యాద ఉంది, ధర మాత్రం లేదు. ఏ సామానుకు ఎంత, పనికి ఎంత అన్నది ఆయనకూ కాగితం మీద ఉండదు, మనకూ తెలియదు. నిజాయితీపరుడైన మెకానిక్ కూడా ఇలాంటి వ్యవహారంలో తన నిజాయితీని చూపించుకోలేడు.

నాలుగు వేరువేరు తగాదాలు

కొన్ని సరుకులను కొనే ముందే చూసి పోల్చుకోవచ్చు, కొన్నింటి సంగతి వాడాక తెలుస్తుంది, కొన్నింటి సంగతి వాడిన తర్వాత కూడా తెలియదు. ఈ మూడో రకాన్ని 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఆర్థికవేత్తలు విడిగా గుర్తించి విశ్లేషించారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో రిపేరు పని ముఖ్యమైనది. కారు ఇప్పుడు బాగా నడుస్తోంది, సరే. మార్చిన మూడు భాగాల్లో నిజంగా మార్చవలసింది ఒకటేనా? యజమానికి ఎప్పటికీ తెలియదు. జబ్బు చెప్పే డాక్టరూ, మందులమ్మే షాపూ ఒకరే అయితే ఎలా ఉంటుందో షెడ్డులో పరిస్థితి అదే.

మనం "మోసం" అని ఒకే మాటతో తేల్చేసేది నిజానికి నాలుగు వేరువేరు సంగతుల కలగాపులగం. లోపం ఎక్కడుందో సరిగా పట్టుకోలేకపోవడం ఒకటి. అక్కరలేని పని అంటగట్టడం రెండోది. చెప్పిన రకం సామాను కాకుండా వేరేది వేయడం మూడోది. అన్నీ సరిగానే చేసి ధర ఎక్కువ వేయడం నాలుగోది. మొదటిది నైపుణ్యం లేకపోవడమే గాని దుర్బుద్ధి కాదు. అయినా జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది తరచుగా అదే. వీటిని విడదీసి చూడాలి, ఎందుకంటే ఒకదాన్ని పట్టుకునే ఉపాయం మరోదానికి పనికిరాదు. బిల్లు ఎంత శుభ్రంగా ఉన్నా తప్పుడు నిర్ధారణ అందులో బయటపడదు. మెకానిక్ ఎంత నిపుణుడైనా, వేసింది డూప్లికేట్ సామాను అయితే ఆ నైపుణ్యం దాన్ని బయటపెట్టదు.

శబ్దం ఒకటి, కారణాలు అనేకం

ఏటిగట్ల మీద, కాలువ గట్ల మీద, చేపల లారీలు తొక్కిన రోడ్ల మీద తిరిగే కార్లకు సస్పెన్షన్ తొందరగా అరుగుతుంది. నెమ్మదిగా గతుకుల మీద పోతున్నప్పుడు టకటకమంటే చాలాసార్లు దోషి స్టెబిలైజర్ లింక్ రాడ్డు. చవకైన భాగం, మార్చడం తేలిక. కానీ అలాంటి శబ్దమే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ పగిలినా, బాల్ జాయింట్ వదులైనా, స్ట్రట్ మౌంట్ పోయినా, షాక్ అబ్జార్బర్ దెబ్బతిన్నా వస్తుంది. అసలు దోషి ఎవరన్నదాన్ని బట్టి ఖర్చు వందల నుంచి వేలకు పోతుంది.

మంచి మెకానిక్ ఇక్కడే తెలిసిపోతాడు. కారు ఎక్కి మీతో పాటు ఒక చుట్టు తిరుగుతాడు. శబ్దం ఎప్పుడు వస్తోంది, స్టీరింగ్ తిప్పితేనా, బ్రేకు వేస్తేనా, చల్లగా ఉన్నప్పుడేనా అని అడుగుతాడు. జాకీ మీద లేపి చక్రాన్ని పైకీ కిందికీ, పక్కలకూ కదిలించి చూస్తాడు, రాడ్డుతో బుష్‌లను మీటి చూస్తాడు. షాక్ అబ్జార్బర్ పోతే చాలాసార్లు దాని ఒంటి మీద ఆయిల్ కారిన తడి కనబడుతుంది, అది మీకే చూపిస్తాడు. అసలు కారు కదలకుండానే, ఉన్నచోట నుంచే "షాకులు పోయాయండి" అన్నవాడి మాట నమ్మనక్కరలేదు. ఒక వైపు షాకు పోతే రెండు వైపులా మార్చమంటే మాత్రం అది అంటగట్టడం కాదు. ఒకే ఇరుసు మీద కొత్తదీ పాతదీ కలిస్తే కారు నడక తేడాగా ఉంటుంది.

ఇక స్కానర్. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ పక్కన 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కారులోని కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లు వస్తాయి. చాలామంది యజమానులు ఈ కోడ్‌ను తీర్పు అనుకుంటారు. అది ఫిర్యాదు మాత్రమే. పి0171 అన్న కోడ్ ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా పోతోందని చెబుతుంది. కారణం ఎక్కడో చీలిన వాక్యూమ్ గొట్టం కావచ్చు, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ కావచ్చు, పీడనం తగ్గిన పెట్రోలు పంపు కావచ్చు. పి0420 వస్తే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గిందని అర్థం. వెంటనే ఖరీదైన కన్వర్టర్ మార్చేయమంటే ఆగాలి. దాని వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెబుతోందా, సైలెన్సర్ గొట్టం ఎక్కడైనా లీకవుతోందా అన్నది ముందు చూడాలి. "కోడ్ ఏమిటి, దాన్ని బట్టి మీరు ఏమి పరీక్ష చేశారు?" అన్న ప్రశ్నలో రెండో సగమే ముఖ్యం. కోడ్ కాగితం మీద రాసివ్వమనండి, లేదా ఫోనులో ఫొటో తీసుకోండి. సమస్యకు కారణం దొరకకుండానే కోడ్‌ను చెరిపేసి పంపితే, కొన్నాళ్లకు ఆ లైటు మళ్లీ వెలుగుతుంది.

మన ఎండల్లో ఎక్కువగా డబ్బు వృథా అయ్యేది ఏసీ గ్యాసు మీద. "గ్యాసు అయిపోయిందండి, నింపేద్దాం" అన్న మాట ప్రతి ఏప్రిల్‌లోనూ వినబడుతుంది. ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల గుండా, జాయింట్ల గుండా కాస్త కాస్త తగ్గవచ్చు, అంతే. నింపిన ఏడాదికే మళ్లీ తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఉప్పు గాలి తగిలే అంతర్వేది, ఉప్పాడ వైపు కార్లకు ముందు భాగంలో ఉండే కండెన్సర్ తుప్పు పట్టి సన్నని రంధ్రాలు పడే అవకాశం మరింత ఎక్కువ. పద్ధతిగా చేసేవాడు ముందు నైట్రోజన్ ఎక్కించి గానీ, రంగు ద్రవం వేసి గానీ లీకు వెతుకుతాడు, తర్వాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగుతాడు, ఆ తర్వాత గ్యాసును గ్రాముల్లో తూచి ఎక్కిస్తాడు. ఎన్ని గ్రాములు పట్టాలో చాలా కార్లకు బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. చెయ్యి పెట్టి చూసి "చల్లగా వస్తోంది, చాలు" అనేవాడి దగ్గర మీరు కొన్నది గ్యాసు మాత్రమే. లీకుకు రిపేరు జరగలేదు.

బేరం ఎక్కడ ఆడుతున్నాం?

అసలు లెక్క చెడిపోయేది ఇక్కడ. మనవాళ్లు సామాను ధర మీద పెద్దగా బేరం ఆడరు, ఎందుకంటే అది "కంపెనీ రేటు" అని నమ్ముతారు. బేరమంతా మజూరీ మీదే. "రెండు బోల్టులు విప్పి బిగించడానికి అంతా?" అని అడుగుతారు. పని నేర్చుకోవడానికి పట్టిన ఏళ్లు, కొన్న పనిముట్లు, షెడ్డు అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతం ఆ రెండు బోల్టుల్లోనే ఉన్నాయి. ఆ డబ్బు మజూరీగా ఇవ్వకపోతే మరో దారిన వసూలు కావలసిందే.

ఉదాహరణకు క్లచ్ పని అనుకుందాం. అంకెలు ఊహించినవే. మెకానిక్ మజూరీ 4,000 అడిగాడు, యజమాని 2,500కు దించి విజయగర్వంతో ఇంటికి వెళ్లాడు. స్పేర్ పార్టుల షాపువాడు మెకానిక్‌కు క్లచ్ సెట్ 6,200కు ఇచ్చాడు, పెట్టె మీద ధర 8,000. యజమానికి 8,000 పడింది. ఇందులో మోసం లేదు, గరిష్ఠ ధర దాటలేదు. కానీ మెకానిక్ ఆదాయంలో 1,800 సామాను లోపలికి చేరింది. దీనివల్ల రాబోయే చిక్కు వేరే ఉంది: ఎంత ఎక్కువ సామాను మారిస్తే ఆయనకు అంత లాభం. బుష్ ఒక్కటి మారిస్తే చాలని తెలిసినా మొత్తం ఆర్మ్ మార్చమనడానికి ఆశ పుడుతుంది. శుభ్రం చేస్తే సరిపోయే సెన్సర్‌ను మార్చేస్తాడు. గంటసేపు వెతికి చీలిన గొట్టం పట్టుకున్న మెకానిక్‌కు ఆ గంటకు మనం ఏమీ ఇవ్వం. వెతకకుండా పంపు మార్చినవాడికి మాత్రం పంపు మీద లాభం వస్తుంది. మజూరీ మీద మనం ఆడే బేరమే నిజాయితీపరుణ్ని నష్టపరుస్తోంది.

కాబట్టి బేరాన్ని మరోచోటికి జరపాలి. పని అప్పగించేటప్పుడే "మజూరీ మీరు అడిగినంత ఇస్తాను, లోపం వెతకడానికి పట్టిన సమయానికి కూడా వేసుకోండి. సామానుకు మాత్రం షాపు బిల్లు నా పేరు మీద రాయించండి, పాత సామాను డిక్కీలో పెట్టండి" అని చెప్పి చూడండి. చాలామంది మెకానిక్‌లు మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత ఊపిరి పీల్చుకుంటారు. దీనికి అస్సలు ఒప్పుకోనివాడి గురించి కొంత తెలుసుకున్నట్టే.

మీరే షాపుకు వెళ్లి సామాను కొనుక్కొచ్చి ఇవ్వడం మంచిదా? చిన్న సామానుకు సరే. వైపర్ బ్లేడ్లు, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ లాంటివి తెచ్చుకోవచ్చు. పెద్ద పనుల్లో నేను సలహా ఇవ్వను. మోడల్ ఏడాది కాస్త తేడా అయినా సామాను సరిపోదు, అప్పుడు మార్చుకోవడానికి తిరిగేది మీరే. పైగా సామాను పాడైతే "మీరు తెచ్చిందేగా" అనే హక్కు మెకానిక్‌కు వస్తుంది. ఆయన కొంత లాభం వేసుకుని, పూచీ కూడా ఆయనే తీసుకోవడం మేలు. విజయవాడ ఆటోనగర్ నుంచి పార్సిల్‌లో రావలసిన సామాను అయితే, తెప్పించే శ్రమకు కూడా ధర ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఒరిజినల్ అంటే ఎవరి ఒరిజినల్?

షెడ్డులో "ఒరిజినల్ వేశానండి" అన్న మాటకు ఒకటి కాదు, మూడు అర్థాలున్నాయి. కారు కంపెనీ పేరున్న పెట్టెలో వచ్చేది మొదటిది. రెండోది, ఆ కంపెనీకి ఆ భాగాన్ని తయారు చేసి ఇచ్చే సంస్థే తన సొంత పేరుతో అమ్మేది. కారు కంపెనీలు బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బల్బుల్లాంటివి చాలావరకు బయటి తయారీదారుల దగ్గరే కొంటాయి కాబట్టి, ఈ రెండో రకం నాణ్యత దాదాపు మొదటిదానితో సమానం, ధర తక్కువ. మూడోది వేరే సంస్థలు సొంతంగా చేసి అమ్మేది. ఇందులో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. షెడ్డుల్లో దీన్నే "లోకల్" అంటారు. ఈ మూడింటికీ అవతల డూప్లికేట్ ఉంది: పేరున్న కంపెనీ పెట్టెను అచ్చుగుద్దినట్టు చేసి లోపల నాసి సరుకు పెట్టేది. లోకల్ వాడటం తప్పు కాదు, చెప్పి వేస్తే. ఒరిజినల్ ధర తీసుకుని లోకల్ వేస్తేనే అది మోసం. అందుకే బిల్లులో భాగం పేరుతో పాటు బ్రాండు, పార్టు నంబరు రాయించాలి. ఖాళీ పెట్టె కూడా అడిగి తీసుకోండి. చెత్తబుట్టలో పడేదాన్ని ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసి ఉంటాయి. 8,000 అని ముద్రించిన సామానుకు 8,000 వేసి, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ వేసిన బిల్లు చట్టవిరుద్ధం. సరైన బిల్లులో పన్ను లేని ధర, పన్ను విడివిడిగా చూపినా రెండూ కలిసి ముద్రించిన ధర దాటవు. ఇంకో సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు కొన్నింటికి 28 ఉండేది. ఇప్పటి బిల్లులో 28 కనబడితే అడగవలసిందే.

షోరూమా, షెడ్డా?

కంపెనీ సర్వీస్ సెంటర్లో జాబ్ కార్డు ఉంటుంది, ముద్రించిన బిల్లు ఉంటుంది, ఏసీ గదిలో కాఫీ ఉంటుంది. ఇంత కాగితం ఉంది కాబట్టి అక్కడ అంతా పారదర్శకమే అనుకోవడం తొందరపాటు. అక్కడి జబ్బు వేరు. సర్వీస్ అడ్వైజర్‌కు నెలకు ఇంత అమ్మాలన్న లక్ష్యం ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ ఫ్లష్, డీకార్బనైజేషన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, లోపలి సీట్లకు పాలిష్, ఏసీ క్రిమి సంహారం లాంటివి ఆ లక్ష్యం కోసం బిల్లులో చేరుతుంటాయి. షెడ్డులో ధర దాగి ఉంటుంది. సర్వీస్ సెంటర్లో ధర కళ్లెదుటే ఉంటుంది, అవసరమే దాగి ఉంటుంది.

దీనికి మందు కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్. ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో కంపెనీయే అందులో పట్టిక ఇచ్చింది. అందులో లేని పని చెబితే "మాన్యువల్లో ఎక్కడుందో చూపించండి" అంటే చాలు, వాదన అక్కరలేదు.

అయితే మాన్యువల్ రాసినవాళ్లకు నరసాపురం తెలియదు. అడుగు భాగానికి వేసే తుప్పు నిరోధక పూత హైదరాబాదులో చాలా కార్లకు అనవసర ఖర్చు కావచ్చు. రొయ్యల చెరువుల మధ్య, సముద్రం దగ్గర, ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే లారీల వెనక రోజూ తిరిగే కారుకు మాత్రం దానికి అర్థం ఉంది. ఆ పూత కూడా కొత్త లోహం మీద, లేదా తుప్పు పూర్తిగా గీకి ఆరబెట్టిన తర్వాతే వేయాలి. తుప్పు మీదే పూసేస్తే లోపల తేమ చిక్కుకుని మరింత తొందరగా తింటుంది. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. బ్రేకు ఆయిల్ కూడా ఇలాంటిదే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానితో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కే దిగుతుంది. రెండేళ్లకోసారి మార్చమంటే అది అమ్మకం కోసం చెప్పిన మాట కాదు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే మెకానిక్‌ను మాత్రం తీరప్రాంతంలో వెంటనే ఆపాలి. ఉప్పు శాతం ఎక్కువున్న ఆ నీళ్లు లోపలి లోహాన్ని తినేస్తాయి. కూలంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ అందులో పడకూడదు.

బయట షెడ్డులో చేయిస్తే వారంటీ పోతుందన్న భయం చాలామందిది. వ్యాపారాల్లో పోటీ సరిగా సాగేలా చూసే భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కారు కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు ఈ అంశం మీదే. విడిభాగాలనూ, లోపాలు పట్టే పరికరాలనూ, సాంకేతిక సమాచారాన్నీ స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కమిషన్ తేల్చి, 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేయడం కూడా సరికాదంది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది. ఆచరణలో మాత్రం వారంటీ ఉన్నంత కాలం నిర్ణీత సర్వీసులు కంపెనీ దగ్గరే చేయించి, పంచరు, బ్యాటరీ, టైర్లు, చిన్న సొట్టల వంటివి బయట చూసుకోవడమే తలనొప్పి లేని దారి. వారంటీ ముగిశాక మంచి షెడ్డు చాలా పనుల్లో సర్వీస్ సెంటర్ కంటే నయం, ఎందుకంటే అక్కడ కారు విప్పేవాడితోనే నేరుగా మాట్లాడవచ్చు.

"ఇన్సూరెన్స్ ఉందా అండి?"

బంపరుకు గీత పడి షెడ్డుకు వెళితే వినబడే మొదటి ప్రశ్న ఇది. ఉందంటే ఎస్టిమేట్ స్వరూపమే మారిపోతుంది. సరిచేయగలిగిన బంపరు "మార్చాల్సిందే" అవుతుంది, రెండు ప్యానెళ్ల పెయింటు నాలుగు ప్యానెళ్లకు పాకుతుంది. డబ్బు మీది కాదు కదా అన్న భరోసా ఇద్దరికీ. నిజానికి మీదే. పాలసీలో సొంత నష్టం భాగానికి, అంటే మీ కారుకు జరిగే నష్టానికి, ప్రీమియం 10,000 అనుకోండి, అయిదేళ్లు క్లెయిము లేకుండా 50 శాతం బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, వస్తే మీరు కడుతున్నది 5,000. ఒక్క క్లెయిము పెడితే బోనస్ సున్నాకు పడిపోయి, తర్వాత ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా మళ్లీ పెరగాలి. ప్రీమియం అలాగే ఉందనుకుంటే ఆ అయిదేళ్లలో అదనంగా కట్టేది 12,500. బోనస్‌ను కాపాడే అదనపు కవర్ లేకపోతే, నాలుగు వేల బంపరు పనికి క్లెయిము పెట్టడం మీ జేబు మీద మీరే వేసుకునే జరిమానా. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం ఎలాగూ మీరే పెట్టుకోవాలి.

వరదల సంగతి వేరు. 2022 జూలై వరదలో లంక గ్రామాలను చూసినవారికి ఇది కొత్త కాదు. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించడమే అతి పెద్ద నష్టానికి దారి. గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పైకి వచ్చే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బీమా కంపెనీలు దీన్ని వరద వల్ల నేరుగా జరిగిన నష్టంగా కాక, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన పర్యవసాన నష్టంగా చూసి, ఇంజిన్ రక్షణ కవర్ లేకపోతే తిరస్కరిస్తాయి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి ఏమీ రాదు.

ఇలాంటప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కారును లాగించి తీసుకెళ్లాలి. బీమా కంపెనీ పంపే సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పనివ్వకూడదు. షెడ్డులో ముందుగా స్పార్కు ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ తీసి నీళ్లు బయటికి పంపి, ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమో చూశాకే తాళం తిప్పాలి. ఈ వరుస చెప్పకుండా "ముందు ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనేవాడికి కారు అప్పగించవద్దు. వరద తర్వాత నెలల్లో చవకగా అమ్మకానికొచ్చే కార్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. కడిగినవాళ్లు బురద వాసన తీసేస్తారు గాని, బెల్టు చివర మరక చాలాసార్లు మరిచిపోతారు.

కాగితం, చట్టం

సేవలు అందించే వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. కాబట్టి జీఎస్టీ లేని చిన్న షెడ్డును దొంగ షెడ్డు అనడం అన్యాయం. అయితే నమోదు లేనివారు గానీ, చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద నిర్ణీత శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు గానీ బిల్లు మీద విడిగా పన్ను వసూలు చేయకూడదు. పన్ను వేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే అది 37తో మొదలవుతుంది, యానాంలో అయితే 34తో. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు ఉచితంగా కనబడుతుంది. జీఎస్టీ లేకపోయినా బిల్లు ఇవ్వాలి. చేసిన పనికి బిల్లు నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది.

కొత్త షెడ్డును పరీక్షించాలంటే పెద్ద పని ఇవ్వకండి. ఆయిల్ మార్పించండి, బ్రేకులు చూడమనండి. చిన్న పెట్రోలు కారుకు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ సరిపోతుంది, మాన్యువల్లో ఖచ్చితంగా ఉంటుంది. సీలు మీ ముందే తీస్తున్నారా, ఏ గ్రేడు పోస్తున్నారు, మిగిలింది తిరిగి ఇస్తున్నారా చూడండి. బ్రేకు ప్యాడ్ కొత్తది మామూలుగా 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, 3కు వస్తే మార్చాలి. "ఇంకా ఎంత ఉంది, ఎన్నాళ్లు ఆగవచ్చు?" అని అడగండి. సగం అరిగిన ప్యాడ్‌ను చూసి "ఇప్పుడేమీ అక్కరలేదండి, వచ్చే సర్వీసుకు చూద్దాం" అన్నవాడు ఆ రోజు ఆదాయం వదులుకున్నాడు. అలాంటివాడికి తర్వాత క్లచ్ పని ఇవ్వవచ్చు. ఎస్టిమేట్ వాట్సాప్‌లో పంపమనడం, అందులో లేని పని ఏదైనా చేసే ముందు ఫోను చేయమనడం అలవాటు చేసుకుంటే తర్వాత గొడవల్లో చాలావరకు పుట్టవు.

అయినా గొడవ వస్తే కారును షెడ్డులో వదిలేసి "మీ ఇష్టం" అని వచ్చేయడం పనికిరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, తన పనికి రావలసిన డబ్బు అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఉంది. అందువల్ల డబ్బు కట్టి, బిల్లు మీదే "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి, ఫొటో తీసుకుని, పాత సామానుతో సహా కారు తెచ్చుకోవడం తెలివైన పని. తర్వాత మరో మెకానిక్ చేత పరీక్షించి, ఆయన అభిప్రాయం రాయించుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారు విజయవాడలో రిపేరైనా, మీరు అమలాపురంలో ఉంటే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు.